పాస్‌పోర్టు బల్ల మీద పెట్టే ముందు

లైను కదలడం లేదు.

పొద్దున తొమ్మిది కూడా కాలేదు. నిజామాబాద్‌లో హైదరాబాద్ రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాలు. గేటు లోపల ఒక లైను, గేటు బయట ఇంకో లైను. నువ్వు గేటు బయట ఉన్నావు. చంకలో ప్లాస్టిక్ ఫైలు. అందులో పాస్‌పోర్టు, ఐటీఐ మెమో, ఆధార్ జిరాక్సులు, తెల్ల బ్యాక్‌గ్రౌండు ఫొటోలు. అంగీ వీపుకు అప్పుడే అంటుకుపోతోంది. నీ ముందున్నాయన చేతిలో కరపత్రం చెమటకు మెత్తబడింది. ఎర్ర అక్షరాలు నీకు అక్కడి నుంచే కనబడుతున్నాయి. దుబాయ్. డైరెక్ట్ క్లయింట్ ఇంటర్వ్యూ. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, మేసన్, హెల్పర్. తిండి, రూము ఫ్రీ. కింద రెండు సెల్ నంబర్లు.

ఇంకోసారి చూడు. ఆ కాగితం మీద ఏముందో అందరూ చదివారు. ఏం లేదో చూడు. ఉద్యోగమిచ్చే కంపెనీ పేరు లేదు. పంపించే ఏజెంటు లైసెన్సు నంబర్ లేదు. లైసెన్సు ఉన్నవాడు ఆ నంబర్ దాచుకోడు.

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. మీసాలు ఇంకా సరిగా రాని పిల్లగాడు.

"అన్నా, నీది ఏ ట్రేడు?"

"ఎలక్ట్రీషియన్. నీది?"

"హెల్పర్‌కే వచ్చిన. మాది రెంజల్ దిక్కు. నిన్న పైసల్ కట్టిన, ఇయ్యాల ఇంటర్వ్యూ అన్నరు."

ఇంటర్వ్యూ కాకముందే పైసలు ఎందుకు కట్టించుకున్నారు? ఆ మాట నీ నోటి దాకా వచ్చింది. ఇంతలో లైను కదిలింది. నువ్వు అడగలేదు.

ఇక్కడి దాకా ఎందుకొచ్చావో నీకు తెలుసు. ఆరు గంటల బస్సుకు బోధన్‌లో ఎక్కావు. శక్కర్‌నగర్ దిక్కు నుంచి బస్సు పోతుంటే అలవాటుగా కిటికీలోంచి చూశావు. షుగర్ ఫ్యాక్టరీ గొట్టం నిలబడి ఉంది, పొగ లేదు. 1937లో నిజాం కాలంలో మొదలైన ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే పెద్దదని మీ తాత చెప్పేవాడు. నిజాంసాగర్ నీళ్లు, చుట్టూ చెరుకు, సీజన్ వచ్చిందంటే రాత్రంతా ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, ఊరంతా రసం కాగే వాసన. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటా ప్రైవేటుకిచ్చింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ నోటీసు గేటుకు అంటించారు. బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లకు కూడా అదే రోజు అదే కాగితం. ఆనాడు జీతాలు ఆగిన కార్మికుల కొడుకులు, చెరుకు మానేసి వరికి మళ్లిన రైతుల కొడుకులు ఈ లైన్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టనక్కర్లేదు. పక్కవాడిని నాలుగు మాటలు అడిగితే చాలు, బయటపడుతుంది. నిజామాబాద్‌లో 2023 ఆగస్టులో ఐటీ టవర్ తెరిచారు. అది డిగ్రీ చదివి కంప్యూటర్ నేర్చినవాళ్లకు. నీ చేతిలో ఉన్నది స్క్రూడ్రైవర్.

దానికీ గిరాకీ ఉంది. ఆ సంగతి లోపలికి పోయాక నీకే తెలుస్తుంది.

హాలు వెనక రేకుల షెడ్డు. గోడకు నిలబెట్టిన ప్లైవుడ్ బోర్డులు. ఒక్కో బోర్డు మీద ఒక ఎంసీబీ, రెండు టూ-వే స్విచ్చులు, ఒక హోల్డర్. పక్కన వైరు చుట్టలు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. చెక్ చొక్కా వేసుకున్న పెద్దమనిషి చేతిలో అట్ట, దానికి కట్టిన పెన్ను. నీ వైపు చూడకుండానే చెప్పాడు.

"స్టేర్‌కేస్ వైరింగ్. పదిహేను నిమిషాలు."

మెట్ల లైటు. కింద వేస్తే పైన ఆర్పాలి, పైన వేస్తే కింద ఆర్పాలి. ఐటీఐ మొదటి ఏడాదిలోనే చేశావు. పక్క బోర్డు దగ్గరున్నాయన అప్పుడే కటింగ్ ప్లేయర్‌తో వైరు ఒలుస్తున్నాడు. ఉరుకు ఉరుకుగా. నీ చేతులు కూడా ఆత్రపడుతున్నాయి.

ఆగు.

ముందు ఎంసీబీ కిందికి దించు. దించాక కూడా నమ్మకు, టెస్టర్ పెట్టి చూడు. దీపం వెలగలేదు. ఇప్పుడు ముట్టుకో. చెక్ చొక్కా ఆయన అట్ట మీద ఏదో గీత గీశాడు. నువ్వింకా ఒక్క వైరు కూడా బిగించలేదు, అయినా నీకు మార్కు పడింది. సైటు మీద ఫోర్‌మన్ నీ చేతి వేగాన్ని తర్వాత చూస్తాడు. ముందు చూసేది నీ పక్కన పని చేసేవాడు సాయంత్రం క్షేమంగా రూముకు పోతాడా లేదా అని.

ఫేజు తెచ్చి మొదటి స్విచ్చు కామన్‌కు. అక్కడి నుంచి రెండు వైర్లు రెండో స్విచ్చుకు. రెండో దాని కామన్ నుంచి హోల్డర్‌కు. హోల్డర్ రెండో కాలు న్యూట్రల్‌కు. ఎర్త్ మరిచిపోకు, బోర్డు మీద ఎర్త్ టెర్మినల్ ఊరికే పెట్టలేదు. టెర్మినల్ బయట రాగి కనబడకూడదు. ఒక్క పోగు బయటికి వచ్చినా విప్పి మళ్లీ బిగించు. పక్కాయన బోర్డు వెలిగింది, నీది ఇంకా వెలగలేదు. వెలగనీ. ఆయన స్విచ్చును న్యూట్రల్‌లో పెట్టాడు. లైటు ఆరుతుంది, కానీ హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. బల్బు మార్చడానికి చెయ్యి పెట్టినవాడు పోతాడు. చెక్ చొక్కా ఆయన టెస్టర్ తీసి ఆ హోల్డర్‌లో పెట్టాడు. టెస్టర్ వెలిగింది. ఆయనేమీ అనలేదు. పేరు పక్కన అడ్డగీత గీశాడు.

నీ బోర్డు పన్నెండో నిమిషంలో వెలిగింది. ఈ చివర వేశావు, ఆ చివర ఆర్పావు.

"అంతకుముందు ఎక్కడ చేశావ్?"

ఇదిగో, ఇక్కడ చాలామంది జారతారు. నీ వెనకాల ఒకతను పొద్దున్నే చెప్పాడు, హాలు బయట జిరాక్సు షాపులో వెయ్యి రూపాయలిస్తే మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ దొరుకుతుందని, లెటర్‌హెడ్, ముద్ర అన్నీ ఉంటాయని. ఆ కాగితం నీ ఫైల్లో లేదు. మంచి పని చేశావు. ఉన్నదే చెప్పు. ఏడాదిన్నర బోధన్‌లో ఒక మేస్త్రీ కింద ఇళ్ల వైరింగు, కొన్నాళ్లు రైస్ మిల్లులో మోటార్లు. మోటారు అన్నావు కాబట్టి మోటారు మీదే అడుగుతాడు.

"స్టార్-డెల్టా స్టార్టర్ ఎందుకు పెడతారు?"

"మొదట్లో కరెంటు ఎక్కువ గుంజుతది సార్. స్టార్‌ల స్టార్ట్ అయితే తక్కువ గుంజుతది, స్పీడు అందుకున్నంక డెల్టాకు మారుతది."

నీ తెలుగు నిజామాబాద్ తెలుగే. ఆయనకు సమజైంది. చేసిన పని గురించి అడిగితే మాటలు వాటంతట అవే వస్తాయి, చేయని పని గురించి అయితే రెండో ప్రశ్నకే గొంతు ఎండుతుంది. రాని సంగతి అడిగాడా, "రాదు సార్, నేర్చుకుంట" అను. సూటిగా రాదన్నవాడికి పని నేర్పవచ్చు. రాకున్నా వచ్చన్నవాడికి హైటెన్షన్ ప్యానెల్ తలుపు తెరిచి ఎవరు అప్పజెబుతారు?

తర్వాతి గది చల్లగా ఉంది. ఏసీ. టై కట్టుకున్నాయన ఉర్దూ కలిసిన హిందీలో మాట్లాడుతున్నాడు. బోధన్‌లో పెరిగినవాడివి, నీకు ఆ భాష కొత్త కాదు. ఎండలో చేస్తావా అన్నాడు. చేస్తానన్నావు. ఎత్తులో భయమా అన్నాడు. సేఫ్టీ బెల్ట్ ఉంటే భయం లేదన్నావు. ఆ బెల్ట్ మాటకు తలెత్తి చూసి చిన్నగా నవ్వాడు. పద్నాలుగు వందల దిర్హాములు అన్నాడు. నీ బుర్రలో గుణకారం మొదలైంది. దిర్హాముకు ఇరవై మూడు చొప్పున వేసినా ముప్పై రెండు వేలు.

"కుఛ్ పూఛ్‌నా హై?"

ఏమన్నా అడిగేదుందా అంటున్నాడు. తల అడ్డంగా ఊపబోతున్నావు. ఇంటి దగ్గర అద్దం ముందు నిలబడి జవాబులన్నీ తయారు చేసుకున్నావు. ప్రశ్న ఒక్కటీ తయారు చేసుకోలేదు. నిజామాబాద్, ఆర్మూర్, జగిత్యాల దిక్కు నుంచి గల్ఫ్ పోయే పిల్లలకు మనం నేర్పని చదువు ఇదే. నాకు ఇది కడుపుమంట. ఎదుటివాడు అడిగితే చెప్పడమే ఇంటర్వ్యూ అనుకుంటాం. నువ్వు వాళ్లను ఇంటర్వ్యూ చేయాల్సింది ఇంకా మిగిలే ఉంది.

అడుగు. "సార్, పద్నాలుగు వందలల్ల బేసిక్ ఎంత?"

ఆయన పెన్ను తిప్పాడు. "తొమ్మిది వందలు. మిగిలింది ఓవర్‌టైం, ఫుడ్ అలవెన్స్ కలిపి."

చూశావా, లెక్క మారింది. చేతికొచ్చేది రోజుకు ఎనిమిది గంటలకా, పన్నెండు గంటలకా? ఓవర్‌టైం లేని నెలలో ఎంత? ఈ రెండూ కాంట్రాక్టు కాగితం మీద ఉండాలి. "కాంట్రాక్ట్ కాపీ చూడొచ్చా సార్?" అన్నావు.

"అవన్నీ పక్క రూములో ఏజెంట్ చూసుకుంటాడు."

పక్క గది.

చిన్నది. కిటికీ లేదు. బల్ల వెనక ఒకాయన, మెడలో గొలుసు, ముందర రెండు ఫోన్లు. బల్ల మీద నీలం పాస్‌పోర్టుల దొంతర, రబ్బరు బ్యాండు వేసి ఉంది. పైనున్న పాస్‌పోర్టు మూల వంగిపోయింది.

"రా తమ్మీ. కిస్మత్ మంచిగుంది నీది. సెలెక్ట్ అయినవ్. పాస్‌పోర్ట్ ఇయ్యి."

చెయ్యి చాపాడు. నీ చెయ్యి నీకంటే ముందు కదిలింది. ఫైల్లోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టావు. ఆయన అరచెయ్యి దాని మీద పడింది.

"మొత్తం లక్షా ముప్పై. ఇయ్యాల ఇరవై వేలు కట్టు. వీసా రాంగనే యాభై. మిగిలింది టికెట్ నాడు."

నీ నోరు ఎండిపోయింది. లక్షా ముప్పై ఎక్కడివి? నాయన మిత్తికి తేవాలి. నూటికి రెండు రూపాయలు. నెలకు రెండు వేల ఆరు వందలు మిత్తే. తొమ్మిది వందల దిర్హాముల బేసిక్‌లో ఎనిమిదో వంతు పైన అక్కడికే పోతుంది.

"ఏ వీసా అన్నా?"

"విజిట్. రెండు నెలలది. అక్కడ దిగంగనే కంపెనీ మారుస్తది. అందరు గట్లనే పోతున్నరు."

విజిట్ వీసా అంటే చుట్టపు చూపు వీసా. దాని మీద పోయి పని చేస్తే నువ్వు దొంగ కార్మికుడివి. జీతం ఇవ్వకపోతే లేబర్ కోర్టుకు పోవడం కష్టం. కిందపడి కాలు విరిగితే కంపెనీ నిన్ను ఎరగనంటుంది. గడువు దాటితే రోజురోజుకు జరిమానా. 2024లో సెప్టెంబర్ నుంచి డిసెంబర్ ఆఖరు దాకా యూఏఈ ప్రభుత్వం ఆమ్నెస్టీ ఇచ్చింది, వీసా గడువు దాటిపోయినవాళ్లు జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చని. గడువు దాటి దాక్కుని బతికినవాళ్లు అప్పుడు బయటికొచ్చారు. వాళ్లకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, అక్కడ దిగంగనే మారుస్తరని.

"బయట రెండొందల మంది ఉన్నరు తమ్మీ. జల్ది చెప్పు."

తొందర పెడుతున్నాడు. తొందర పెట్టినప్పుడే నిమ్మళించు.

"లైసెన్స్ నంబర్ ఏందన్నా?"

బొటనవేలితో వెనక గోడ చూపించాడు. ఫ్రేము కట్టిన జిరాక్సు. ముంబయి కంపెనీ పేరు. ఒక నంబర్. నువ్వు ఫోన్ తీశావు. ఈ-మైగ్రేట్ అని కొట్టావు. అది కేంద్ర విదేశాంగ శాఖ వెబ్‌సైటు. విదేశాలకు మనుషుల్ని పంపేందుకు రిజిస్టరైన ఏజెంట్ల పేర్లన్నీ అందులో ఉంటాయి. లైసెన్సు నడుస్తోందా, ఆగిందా, రద్దయిందా అన్నది పక్కనే ఉంటుంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం పదో సెక్షన్ ప్రకారం ఆ రిజిస్ట్రేషన్ లేనివాడు ఒక్క మనిషిని కూడా పంపకూడదు. పంపితే రెండేళ్ల దాకా జైలు.

గుండ్రంగా తిరుగుతోంది. సిగ్నల్ ఒక్క గీత.

"ఏం జూస్తున్నవ్?"

"ఏం లేదన్నా."

తెరుచుకుంది. కంపెనీ ఉంది. లైసెన్సు నడుస్తోంది. ఊపిరి పీల్చుకోబోయావు. కింద అడ్రసు చూడు. ముంబయి. నిజామాబాద్ బ్రాంచి లేదు. అక్కడే ఆఫీసు నంబర్ ఉంది. నొక్కావు.

రెండు రింగులు. మూడు. ఎత్తారు. ఆడగొంతు. నిజామాబాద్‌లో మీ ఆఫీసుందా అని హిందీలో అడిగావు.

"నహీ. హమారా కోయీ బ్రాంచ్ నహీ హై."

ఇంకొకడి లైసెన్సు. ఇంకొకడి పేరు. గోడ మీద ఉన్నది జిరాక్సు.

బల్ల అవతల ముఖం మారింది. విన్నాడు.

"నా పాస్‌పోర్ట్ ఇయ్యన్నా."

"సెలెక్ట్ అయినంక తియ్యరాదు. క్యాన్సిల్ ఛార్జి ఐదు వేలు. కట్టి తీస్కపో."

అరచెయ్యి ఇంకా దాని మీదే. తలుపు దగ్గర ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు. లావుపాటి మనిషి. గది ఇరుకైంది. చెవుల్లో రక్తం కొట్టుకుంటోంది. జేబులో ఇరవై వేలున్నాయి. ఐదు పడేస్తే బయటపడతావు. అందులో సగం అమ్మ గొలుసు కుదువ పెట్టిన పైసలు.

కట్టకు.

అరవకు కూడా. మామూలు గొంతుతో, తలుపవతల లైన్లో ఉన్నవాళ్లకు వినబడేటట్టు చెప్పు.

"పాస్‌పోర్ట్ నాది కాదన్నా, నీది కాదు. సర్కార్‌ది. నాకిష్టం లేకుంట పట్టుకుంటె కేసయితది. వంద నంబర్‌కు చేస్తున్న."

ఇది బెదిరింపు కాదు. 1967 పాస్‌పోర్టుల చట్టం పదిహేడో సెక్షన్‌లో ఉన్నదే. పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వం ఆస్తి.

వేలు ఫోన్ మీద పెట్టావు. ఒకటి. సున్నా.

నీలం పుస్తకం బల్ల మీద జారి వచ్చి నీ కడుపుకు తగిలింది.

"పో. నీ అసువంటోడు జిందగీల దుబాయ్ జూడడు."

పేజీలు చూసుకో. నీదేనా? నీదే. నడువు. ఉరకకు. లావుపాటాయన పక్కకు జరిగాడు.

ఎండ మొఖాన కొట్టింది.

రోడ్డవతల చాయ్ బండి. చేతులు వణుకుతుంటే గ్లాసులో చాయ్ ఒలుకుతోంది. పక్కన బెంచీ మీద అరవై దగ్గరున్న పెద్దాయన, నెత్తి మీద తెల్ల టోపీ. నీ వణుకు చూసి ఏమైంది బిడ్డా అన్నాడు. చెప్పావు. ఆయన షార్జాలో పద్దెనిమిదేళ్లు మేసన్ పని చేసి వచ్చాడు.

"సర్కార్ రేటెంతో ఎర్కేనా? రిజిస్టరయిన ఏజెంట్ నీ తాన తీస్కునేది ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ. అంతే. అది గూడ రసీదు ఇయ్యాలె."

ముప్పై వేలకు 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. లక్షా ముప్పై ఎక్కడ, ఇది ఎక్కడ? పైగా యూఏఈలో 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం పనిలో పెట్టుకునే ఖర్చు కార్మికుడి నుంచి వసూలు చేయనే కూడదు, కంపెనీయే పెట్టుకోవాలి. అసలు పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ పెట్టవద్దని కాదు. కొన్ని దేశాల వీసా పని కోసం ఇవ్వాల్సి రావచ్చు. కాంట్రాక్టు కాపీ చేతికొచ్చాక, లైసెన్సు సరిచూసుకున్నాక, రసీదు తీసుకుని ఇవ్వాలి. ముందు మాత్రం జిరాక్సు చాలు.

పెద్దాయన నీ పాస్‌పోర్టు అడిగి తీసుకుని తిప్పి చూశాడు.

"పది పాసైనవ్ గదా. ఈసీఆర్ ముద్ర లేదు నీకు."

ముద్ర లేకపోవడం మంచిదనే ఇన్నాళ్లూ అనుకున్నావు. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని ఉంటుంది. యూఏఈ, సౌదీ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, ఇరాక్ లాంటి 18 దేశాలకు వాళ్లు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. అంటే వాళ్ల కాంట్రాక్టును సర్కారు ఒకసారి చూస్తుంది. పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరిగా కట్టించుకుంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. నీకు ఆ అనుమతి అక్కర్లేదు. నీ కాగితాలను సర్కారు తరఫున ఎవరూ చూడరు. చదువుకున్నవాడివి, చూసుకుంటావని వదిలేశారు. అందుకే విజిట్ వీసా ఏజెంట్లకు పది పాసైన పిల్లలంటే ఇష్టం.

"మరి ఎట్ల పోవాలె తాతా?"

"టామ్‌కామ్ అని ఉంది. మన సర్కార్‌దే. హైదరాబాద్ల, మల్లేపల్లి ఐటీఐ తాన. పేరు రాయించుకో."

తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెన్సీ. 2024 వేసవిలో ఇజ్రాయెల్ భవన నిర్మాణ పనులకు అదే మల్లేపల్లి ఐటీఐలో పరీక్షలు పెట్టారు. షట్టరింగ్, ఇనుము కట్టడం, టైల్స్, ప్లాస్టరింగ్. తొమ్మిది వందల మందికి పైగా ఎంపికయ్యారు. చాలామంది మన నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్, జగిత్యాల వాళ్లే. యుద్ధం నడుస్తున్న దేశానికి పోవచ్చా అన్నది వేరే ప్రశ్న, దానికి ఇంటిల్లిపాదీ కూర్చుని జవాబు చెప్పుకోవాలి. ఒకటి మాత్రం నిజం. పనితనం ఉన్నవాడిని పనితనం చూసి తీసుకునే దారి కూడా ఉంది. పొద్దున ఆ షెడ్డులో పన్నెండు నిమిషాల్లో బోర్డు వెలిగించిన చేతులు నీవే. అవి ఎక్కడికీ పోలేదు.

నువ్వు చాయ్ పైసలు తీస్తుండగా రెంజల్ పిల్లగాడు గేటులోంచి బయటికొచ్చాడు. మొఖం వెలిగిపోతోంది.

"అన్నా, నేను గూడ సెలెక్ట్! సోమవారం యాభై తెమ్మన్నరు."

నిన్న ఇరవై కట్టాడు. పాస్‌పోర్టు లోపలే ఉంది, రబ్బరు బ్యాండు కింద.

ఇప్పుడు బోధన్ బస్సు ఎక్కొచ్చు. నీ పాస్‌పోర్టు నీ జేబులో ఉంది. నీ పైసలు నీ దగ్గరే ఉన్నాయి. ఎవరి కిస్మత్ వాళ్లదని అనుకోవచ్చు. అట్లా అనుకుని బస్సెక్కినవాళ్ల వల్లనే ఈ లైను రోడ్డు దాకా వస్తోంది.

"పైసల్ ఎట్ల ఇచ్చినవ్?"

"ఫోన్‌పే."

"రసీదు?"

"ఇయ్యలే."

ఫోన్‌పే అయితే రసీదు ఇవ్వకపోయినా ఆనవాలు ఉంటుంది. ట్రాన్సాక్షన్ తెరిపించు. తేదీ, టైము, మొత్తం, ఎవరి పేరు మీద పడింది. స్క్రీన్‌షాట్ తీయించి నీ ఫోన్‌కు పంపించుకో. వాట్సాప్ మెసేజీలు ఒక్కటీ తుడపవద్దని చెప్పు. ఏజెంటు పంపిన వాయిస్ మెసేజ్ ఉంది, "విజిట్ మీద పోయి మారుసుకోవచ్చు" అని అతని గొంతే. కరపత్రం నేల మీద ఎవరో పారేసింది ఏరుకో. గేటు, బోర్డు కనబడేటట్టు రోడ్డవతల నుంచే ఫొటో తీయి.

పిల్లగాడి మొఖంలో వెలుగు పోయింది. "నాయనకు చెప్తె చంపుతడన్నా" అన్నాడు. వాడి కళ్లల్లో నీళ్లు. ఇవ్వాళ చెబితే ఇరవై వేల సంగతి. సోమవారం తర్వాత చెబితే డెబ్బై వేల సంగతి. ఆ మాటే చెప్పు. వాడి పక్కన నిలబడి ఇంటికి ఫోన్ చేయించు.

పోలీస్ స్టేషన్‌లో రైటర్ తలెత్తకుండా అడిగాడు. "ఏంది?"

"ఏజెంట్ మోసం సార్."

"రాసియ్యండి."

బల్ల చివర నిలబడి రాస్తున్నావు. రెంజల్ పిల్లగాడికి చెయ్యి ఆడటం లేదు, వాడు చెబుతుంటే నువ్వు రాస్తున్నావు. ఏ తేదీన ఏ జాగలో కలిశాడు. ఏమని చెప్పాడు. ఎన్ని పైసలు, ఏ నంబర్‌కు, ట్రాన్సాక్షన్ ఐడీ. పాస్‌పోర్టు నంబర్, అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది. గోడ మీది లైసెన్సు నంబర్, ఆ కంపెనీ ఫోన్‌లో చెప్పిన మాట. కోపం రాయకు, జరిగింది రాయి. కాపీ ఒకటి హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుకు పంపాలి. రసీదు అడిగి తీసుకోవాలి, అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

రైటర్ కాగితం తీసుకున్నాడు. మొదట పైపైన చూశాడు. లైసెన్సు నంబర్ దగ్గర ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. లోపలికి కేకేసి ఎస్సై ఉన్నాడా అని అడిగాడు.

"హాల్ల ఇంక జనం ఉన్నరా?"

"ఉన్నరు సార్. రెండొందల మంది."

"పాస్‌పోర్టులు?"

"బల్ల మీదనే ఉన్నయి సార్. నేను చూసిన."

"నువ్వెవరు?"

పెన్ను నీ వైపు తిప్పి పెట్టాడు. ఫిర్యాదు కింద సాక్షి అని రాసి, నీ పేరు, మీ నాయన పేరు, ఊరు, మండలం బోధన్ అని రాస్తున్నావు. బయట జీపు స్టార్ట్ అవుతోంది.